అద్దె ఇల్లు - అడ్వాన్సు ఇచ్చే ముందు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పట్నంలో అద్దె ఇల్లు వెతికి చూడు అని కూడా చేర్చి ఉండవలసింది. పిల్లల బడి దగ్గరుండాలి, నీళ్ళు రావాలి, వంటింట్లో వెలుతురుండాలి, అద్దె మన రాబడికి తగ్గట్టుండాలి. ఇన్నీ కుదిరిన ఇల్లు కనబడేసరికి ప్రాణం లేచి వస్తుంది. సరిగ్గా ఆ సంతోషంలోనే చూడవలసినవి చూడకుండా వదిలేస్తాం.

మాకు తెలిసిన ఒకావిడ సంగతి చెబుతాను. హైదరాబాదులో ఒక ఫ్లాటు రెండేళ్ళ లీజుకు తీసుకున్నారు. లీజంటే మీకు తెలిసిందే. నెలనెలా అద్దె ఉండదు. ఒకేసారి పెద్దమొత్తం ఇచ్చి, గడువు తీరాక ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం. ఆరు లక్షలు అడిగాడు. ఆవిడ గాజులూ గొలుసూ అమ్మి అందులో సగం సర్దింది. అయిదో నెలలో ఒక పెద్దాయన వచ్చి తలుపు తట్టి, "మీరెవరమ్మా? నా ఇంట్లో ఎందుకున్నారు?" అన్నాడు. అసలు యజమాని ఆయన! వీళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకున్నవాడు ఆ ఇంటిని ఆయన దగ్గర నెల అద్దెకు తీసుకున్నవాడు మాత్రమే. నాలుగు నెలలు అద్దె కట్టి, ఆపైన కనబడకుండా పోయాడు.

"మీటరు దగ్గర కరెంటు బిల్లు మీద వేరే పేరుందని మొదటిరోజే చూశాను అక్కయ్యా. అడిగితే ఏమనుకుంటాడో, అది మగవాళ్ళ వ్యవహారం కదా అని ఊరుకున్నాను" అంది ఆవిడ నాతో. డబ్బు పోయిందన్న మాట కంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మనకు అనుమానం రాక కాదండీ. వచ్చిన అనుమానాన్ని మొహమాటంతో మింగేస్తాం.

అందుకని, ఏవి కనబడితే నోరు విప్పాలో నాలుగు మాటలు చెప్పుకుందాం.

మొదటిది అద్దె. ఆ వీధిలో అందరూ పదిహేను వేలు ఇస్తుంటే, అలాంటి ఇల్లే పది వేలకు ఇస్తానంటున్నాడంటే ఎందుకిస్తున్నాడో కనుక్కోవాలి. రెండోది తొందర. "సాయంత్రం ఇంకొకరు వస్తున్నారు, ఈలోగా టోకెను పంపండి" అన్నవాడు మనకు ఆలోచించే వ్యవధి లేకుండా చేస్తున్నాడన్నమాట. మూడోది కంటికి కనబడని యజమాని. విదేశంలో ఉన్నాననీ, సైన్యంలో ఉన్నాననీ ఫోనులోనే బేరం సాగించి, గుర్తింపు కార్డు బొమ్మ పంపుతాడు. ఇంటి ఫొటోలు ఎవరి ప్రకటనలోంచయినా తీసి పెట్టవచ్చు. ఇల్లు చూపించడానికే ముందుగా "గేటు పాసు" డబ్బు కట్టమంటే ఆ బేరం అక్కడే ఆపేయండి.

మీరు ఇల్లు అద్దెకిచ్చేవారయినా జాగ్రత్తే. "అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటారు. మన ఖాతాలో డబ్బు పడడానికి పిన్ అక్కరలేదు. పిన్ నొక్కామంటే మన డబ్బే పోతుంది.

ఇక కాగితాలు. ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు, యజమాని గుర్తింపు కార్డు పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. బిల్లు మీద పాత యజమాని పేరు మార్చకుండా వదిలేయడం కద్దు. అప్పుడు దస్తావేజు చూపించమనండి. లక్షల్లో లీజయితే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ తీయించండి. ఆ ఆస్తి మీద రిజిస్టరయిన అమ్మకాలూ తాకట్లూ అందులో తెలుస్తాయి. యజమాని తరఫున వేరొకరు సంతకం పెడతానంటే, ఆ అధికారమిచ్చిన పవరాఫ్ అటార్నీ చదివి, యజమానితో మీరే మాట్లాడండి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం చెబుతోంది. ఉత్త స్టాంపు కాగితంతో సరిపెడదామంటే ఒప్పుకోకండి. సొమ్ము యజమాని పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపి, రసీదు అడగండి.

అన్నిటికంటే తేలికయినది, మనకు బాగా చేతనయినది ఇంకొకటుంది. పక్కింటి తలుపు తట్టడం. "నీళ్ళెప్పుడొస్తాయండీ?" అని మొదలుపెట్టి, "ఈ ఇల్లు ఎవరిదండీ?" అని అడగండి. కాపలా మనిషినీ, అపార్టుమెంటు సంఘంవాళ్ళనూ అడగండి. మా ఆవిడ ఆ పది నిమిషాలూ వెచ్చించి ఉంటే గాజులు చేతికే ఉండేవి.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి. ఫోను ద్వారా డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. తర్వాత కాగితాలన్నీ తీసుకుని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి.

ఇన్ని అడిగితే యజమానికి కోపం రాదా అనకండి. ఆయన మాత్రం మీరెక్కడ పనిచేస్తారు, ఇంట్లో ఎంతమంది, బంధువులు ఎక్కువ వస్తారా అని మనల్ని అడగడం లేదూ? మా ఆవిడ ఇప్పుడు రెండు గదుల ఇంట్లో ఉంటోంది. ఆ ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు పన్ను రసీదు తనే అడిగిందట, గొంతు కాస్త వణికినా సరే. ఇంటావిడ లోపలికి వెళ్ళి ఒక చేత్తో రసీదూ, ఇంకో చేత్తో కాఫీ గ్లాసూ పట్టుకొచ్చి, "అడగడమే మంచిదమ్మా, కూర్చోండి" అందట.