చనిపోయిన పిల్లే సాక్ష్యం చెప్పాలా?

(మా సంఘం పుస్తక చర్చలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోటికి ఆత్మలూ స్వర్గమూ ఉన్న నవల ఎందుకు తెచ్చావని ఒకరిద్దరు అడిగారు. తప్పిపోయిన ఒక ఆడపిల్ల, తనకేం జరిగిందో చనిపోయాక తానే చెప్పుకోవాల్సి వచ్చిన కథ ఇది. బతికున్నవాళ్లు చెయ్యాల్సిన పని చెయ్యకపోతేనే కదా చనిపోయినవాళ్లు నోరు విప్పాల్సి వచ్చేది! అందుకే తెచ్చాను.

నవల పేరు 'ద లవ్లీ బోన్స్'. రాసింది ఆలిస్ సీబోల్డ్ అనే అమెరికన్ రచయిత్రి. 2002లో అచ్చయి, లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 2009లో పీటర్ జాక్సన్ సినిమాగా కూడా తీశాడు. చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను.

సూజీ సాల్మన్‌కి పద్నాలుగేళ్లు. ఊరు అమెరికాలోని పెన్సిల్వేనియాలో. 1973 డిసెంబరు 6న బడి నుంచి మొక్కజొన్న చేలోంచి అడ్డదారిన ఇంటికొస్తుంటుంది. పొరుగునే ఉండే హార్వీ ఎదురుపడి, నేలలో ఒక గది తవ్వాను, చూద్దువు రమ్మని పిలుస్తాడు. లోపల అత్యాచారం చేసి చంపేస్తాడు. శవాన్ని ముక్కలు చేసి ఇనప్పెట్టెలో పెట్టి, పాత సామాన్లు పారేసే పెద్ద గోతిలో పడేయిస్తాడు. వెతికినవాళ్లకి దొరికింది ఒక్క మోచెయ్యి. ఇదంతా మనకు చెప్పేది సూజీయే, తన స్వర్గంలోంచి. హంతకుడెవరో పాఠకులకి మొదట్లోనే తెలిసిపోతుంది. కింద ఉన్నవాళ్లకి ఎప్పటికైనా తెలుస్తుందా అన్నదే మనల్ని చివరిదాకా చదివిస్తుంది. సూజీ అన్నీ చూస్తుంది. ఏదీ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది స్వర్గం కాదు, పోలీసుల తీరు. వాళ్ల అనుమానం మొదట ఎవరి మీదకి పోయిందో తెలుసా? రే సింగ్ అనే కుర్రాడి మీదకి. వాళ్లది ఇండియా నుంచి వెళ్లిన కుటుంబం. సూజీకి ఒక ప్రేమలేఖ రాశాడు, అంతే. ఒంటి రంగు కూడా అనుమానానికి కారణమైందని నవల దాచకుండానే చెబుతుంది. ఆ సమయంలో అతను వేరేచోట ఉన్నాడని సాక్షులు చెబితే గాని బయటపడలేదు. హార్వీ మాత్రం తెల్లవాడు, నెమ్మదస్తుడు, బొమ్మరిళ్లు తయారుచేసుకునే మనిషి. పోలీసులు ఇంటికొచ్చి మర్యాదగా మాట్లాడి వెళ్లిపోతారు. సూజీ తండ్రి వాడే హంతకుడని మొత్తుకుంటే, పాపం కూతురు పోయిన దుఃఖంలో ఉన్నాడనుకుంటారు. చెల్లెలు లిండ్సే ప్రాణాలకు తెగించి హార్వీ ఇంట్లో దూరి, ఆ భూగర్భపు గది బొమ్మ గీసిన కాగితం చించుకొస్తుంది. ఆ కాగితం వల్ల ఏదైనా జరిగేలోపే వాడు ఊరు దాటేస్తాడు. చివరికి ఏళ్లు గడిచాక, ఇంకో అమ్మాయికి వల వెయ్యబోతుండగా పైనుంచి మంచుగడ్డ విరిగిపడి, లోయలోకి జారి చస్తాడు. కోర్టు లేదు, తీర్పు లేదు. వాడి చేతిలో అంతకుముందు చచ్చిపోయిన ఆడవాళ్లందరి కేసులూ అలాగే మిగిలిపోతాయి.

ఇది అమెరికా కథే కావచ్చు. కానీ మనకు తెలియనిదేమీ కాదు. మన కోస్తా ఊళ్లలో పేరంటాళ్ల గుళ్లు చూసే ఉంటారు. వాటిలో కొన్నింటి వెనక అకాలంగా, అన్యాయంగా చనిపోయిన ఆడవాళ్ల కథలున్నాయి. బతికుండగా ఎవరూ వినని మనిషికి చచ్చాక గుడి కట్టి పసుపూ కుంకుమా పెడతాం. సూజీ స్వర్గమూ, మన పేరంటాలి గుడీ ఒక లోటును పూడ్చడానికే పుట్టాయని నాకనిపిస్తుంది. ఆ లోటు పేరు విచారణ.

ఆడపిల్ల కనబడకపోతే మన దగ్గర వినపడే మొదటి మాట ఏమిటి? "ఎవడితోనో లేచిపోయి ఉంటుంది." సంఘం తరఫున ఒక తల్లితో స్టేషన్‌కి వెళ్లినప్పుడు అక్కడున్నాయన పిల్ల ఫొటో అడగలేదు, ఏ బట్టల్లో ఉందని అడగలేదు. "ఫోన్‌లో ఎవరితో మాట్లాడేదమ్మా?" అన్నాడు. పిల్లకి పద్దెనిమిది నిండితే, "మేజర్ కదా, మేమేం చేస్తాం" అంటారు. రెండు రోజులు చూడండి, చుట్టాలిళ్లలో వెతకండి అని పంపించేస్తారు. వెతకడానికి పనికొచ్చే మొదటి గంటలు అలా పోతాయి.

చట్టం అలా చెప్పడం లేదు. పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే, అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే భావించి ఎఫ్.ఐ.ఆర్. నమోదు చెయ్యాలని 2013 మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. శిక్షార్హమైన తీవ్ర నేరం జరిగినట్టు ఫిర్యాదులో ఉంటే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి అని అదే సంవత్సరం నవంబరులో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా, తన మైనరు కూతురిని ఎత్తుకుపోయారంటే పోలీసులు పట్టించుకోలేదని ఒక తండ్రి కోర్టుకెక్కడం వల్లనే. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ చట్టం 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. "మా పరిధి కాదు" అనే మాట ఇక చెల్లదు. ఈ మూడూ ప్రతి సభ్యురాలూ గుర్తుపెట్టుకోవాలి.

పరిధి మాట ఎంత ప్రమాదమో 2019 నవంబరులో శంషాబాద్‌లో చూశాం. పశువైద్యురాలు కనబడటం లేదని ఇంట్లోవాళ్లు ఆ రాత్రి స్టేషన్ల చుట్టూ తిరిగారు. కేసు నమోదులో జాప్యం చేశారని తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6న నలుగురు నిందితులనూ కాల్చి చంపారు. చాలామంది పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది తేల్చింది. ఆ రాత్రి స్టేషన్‌లో ఏం జరిగిందన్న ప్రశ్నని ఆ తుపాకుల చప్పుడు ముంచేసింది.

ఇక్కడ రచయిత్రి సొంత జీవితం గురించి చెప్పకుండా ఉండలేను. 1981లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా సీబోల్డ్ అత్యాచారానికి గురైంది. అదే చోట ఇంకో అమ్మాయి హత్యకు గురైందనీ, ఆమెతో పోలిస్తే నువ్వు అదృష్టవంతురాలివనీ పోలీసులన్నారట. 1999లో రాసిన ఆత్మకథకి ఆమె పెట్టిన 'లక్కీ' అనే పేరు ఆ మాట నుంచి వచ్చిందే. కొన్ని నెలల తర్వాత వీధిలో ఒక నల్లజాతి యువకుడిని చూసి ఇతనే అనుకుంది. అతని పేరు ఆంథొనీ బ్రాడ్‌వాటర్. పోలీసులు వరసలో నిలబెట్టినప్పుడు ఆమె గుర్తించింది మరొకరిని. అయినా కేసు బ్రాడ్‌వాటర్ మీదే నడిచింది. కోర్టులో ఆమె అతన్ని చూపించడం, వెంట్రుకల పరీక్ష, ఈ రెండింటి మీదే 1982లో శిక్ష పడింది. ఆ పరీక్ష శాస్త్రీయం కాదని తర్వాత తేలిపోయింది. అతను పదహారేళ్లు జైల్లో ఉన్నాడు. నేరం ఒప్పుకోనందుకు పెరోల్ ఇవ్వలేదు. బయటికొచ్చాకా లైంగిక నేరస్తుల జాబితాలో పేరుండిపోయింది. ఆ మచ్చ పిల్లలకి అంటకూడదని పిల్లల్నే వద్దనుకున్నాడు. 'లక్కీ'ని సినిమాగా తియ్యబోయిన నిర్మాతకి అనుమానమొచ్చి ఆరా తీయిస్తే, 2021 నవంబరులో కోర్టు శిక్ష కొట్టేసింది. సీబోల్డ్ క్షమాపణ చెప్పింది.

దీన్ని చూపించి "చూశారా, ఆడవాళ్ల మాట నమ్మితే ఇంతే" అనేవాళ్లున్నారు. వాళ్లకి మనం గట్టిగా జవాబు చెప్పాలి. ఆమె అబద్ధమాడలేదు. ఆమె మీద అత్యాచారం జరిగింది. భయంలో, చీకట్లో చూసిన ముఖాన్ని నెలల తర్వాత గుర్తుపట్టడం ఎంత కష్టమో తెలిసి జాగ్రత్త పడాల్సింది పోలీసులూ, ప్రాసిక్యూషనూ. వాళ్లకి కేసు మూసెయ్యడం కావలసి వచ్చింది. అసలువాడు దొరకనేలేదు. రే సింగ్ మీద రంగు చూసి పడిన అనుమానాన్ని నవలలో అంత సూటిగా రాసిన మనిషి కేసులోనే ఇది జరిగింది.

మన దగ్గర జరగలేదా? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థినిని హాస్టల్లో చంపేశారు. ఒక పేద దళిత యువకుడిని పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ అమ్మాయి తల్లి మొదటినుంచీ ఏమంటూ వచ్చిందో గుర్తుందా? ఇతను కాదు, అసలువాళ్లని పట్టుకోండి అని. కడుపుకోతలో ఉన్న తల్లికి ఎవరో ఒకరి మీద కసి తీర్చుకోవడం తేలిక. ఆమె అలా చెయ్యలేదు. కూతురికి న్యాయం జరగాలంటే ఆ అబ్బాయికి అన్యాయం జరగకూడదని నిలబడింది. హక్కుల గురించి ఇంతకన్నా మంచి పాఠం నేనే పుస్తకంలోనూ చదవలేదు.

నవలలో రూత్ అనే అమ్మాయి ఉంది. సూజీ ఆత్మ వెళ్లిపోతూ ఆమెని తాకుతుంది. అప్పటినుంచి ఆడవాళ్లని చంపిన చోట్లు ఆమెకి కనబడతాయి. వాటన్నిటినీ పుస్తకంలో రాసుకుంటూ తిరుగుతుంది. ఆ పని చెయ్యడానికి మనకి అతీంద్రియ శక్తి అక్కర్లేదు. మన మండలంలో ఈ అయిదేళ్లలో ఎంతమంది ఆడపిల్లలు కనబడకుండా పోయారు? ఎన్నింటికి ఎఫ్.ఐ.ఆర్. అయింది, ఎన్ని గంటలకయింది? ఎంతమంది తిరిగొచ్చారు? ఎవరైనా జైల్లో ఉంటే, ఏ సాక్ష్యం మీద ఉన్నారు? సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరూ ఒక్కో స్టేషన్ లెక్క తీసుకురండి. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి నేను తెస్తాను.