గట్టుమీది పడవకు రంగు
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రాజాం ప్రాంతపు రైతులకు మద్దువలస జలాశయపు కాలువలు పరిచితములే. అవి పొలములకు నీరిచ్చును గాని పడవలను మోయవు. కావున గ్రంథాలయపు ఉత్సవములో పడవ ప్రసక్తి యేమిటని కొందరికి తోచవచ్చును. సంబంధము లేకపోలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువమీద గ్రంథాలయమునే పడవలో నడపిరి. గట్టు వెంబడి నున్న గ్రామములవారికి పుస్తకములు నీటిదారిని వచ్చినవి.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప డెల్టా కాలువలు సాగుకే గాక రాకపోకలకును పనికివచ్చినవి. లాకులలో నీటిమట్టమును హెచ్చించి తగ్గించి పడవలను దాటించెడివారు. అయితే మరమ్మతులకై వేసవిలో కాలువలు కట్టివేయుట ఆచారము. పడవ గలవానికి రంగు వేసికొనుటకు అదియే అదను. నీరు మరల విడుచు దినము అతని చేతిలో లేదు. నీరు వచ్చునాటికి పని తెమలనిచో బేరము పోవును. పూత ఆరకుండగనే దింపినచో రంగే పోవును.

పడవను గట్టెక్కించి దుంగలపై నిలుపుటకు నలుగురు కావలెను. తరువాతి పని యజమాని తానే చేసికొనవచ్చును, చేసికొనుటయే మేలు. కూలి మిగులుట అటుంచి, పాత రంగు గీకునప్పుడు తన పడవ సంగతి తన చేతికే తెలియును. మేకు తుప్పు పట్టి చుట్టునున్న చెక్కను తినివేసిన చోటు, అడుగు పలక మెత్తబడిన చోటు అప్పుడే బయటపడును. చాకుమొన సులువుగా దిగినచో ఆ చెక్క మార్చవలసినదే. పైన రంగు పూసి ఊరకున్నచో లోపలి కుళ్లు ఆగదు.

గీకుటలో ఒక జాగ్రత్త గలదు. పాత రంగులలో సీసము ఉండును. ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90కి మించరాదని 2016లో మన దేశమున నియమము చేసిరి గాని, అంతకుముందే పట్టిన పొరలు ఆ నియమమును ఎరుగవు. పొడిగా రుద్దిన ధూళి ఊపిరితో లోనికి పోవును. కావున తడిపి గీకవలెను; సన్నని ధూళిని ఆపగల ముసుగు ముక్కుకు ధరింపవలెను; పిల్లలను దరిచేరనీయరాదు; పెచ్చులను కాలువలో పారవేయరాదు.

పలకల సందులలో నార కుక్కి, గుగ్గిలమును నూనెతో కాచి మెత్తుదురు. బలము గలదని మరీ బిగించి కుక్కినచో, నీటిలో చెక్క ఉబ్బినప్పుడు దానికి చోటుండక పలకలే ఎడమగును. ఎండ సంగతి మరియొకటి. మిట్టమధ్యాహ్నము పూసిన రంగు పైన పొరగట్టును. లోపలి తేమ బయటికి రాలేక బొబ్బలెత్తును. మంచు ఆరిన పిమ్మట ప్రొద్దు వేడెక్కువరకును, మరల సాయంకాలము కొంతసేపును కుంచె పట్టుట మంచిది. తాటాకు పందిరి వేసినచో ఎండకు పలకలు బీటలువారవు.

మొదటి పూత పలుచనిదై చెక్కలోనికి ఇంకవలెను. ఒక్కటే దట్టముగా పూయుటకన్న పలుచగా రెండు మూడు పూతలు, ఒకటి పూర్తిగా ఆరిన తరువాత మరియొకటి, నిలుచును. నీటిలో మునుగు అడుగుకు తారు. చూపరుల కన్ను మాత్రము ముందుభాగమున వ్రాసిన పేరుమీదనే నిలుచును. ఆ పేరు ముచ్చటకొరకు అడుగుకు రెండవ పూత ఎగవేయువారు లేకపోలేదు! అవిసెనూనె తుడిచిన గుడ్డలను పోగుపెట్టరాదు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొనును. పైన తాటాకు పందిరి ఉండనే యున్నది. విడివిడిగా ఆరబెట్టవలెను, లేదా నీళ్లలో వేయవలెను.

నీరు వచ్చినది. పడవ దిగినది. ఎండిన పలకల సందులనుండి తొలినాడు కొంత నీరు ఊరుట సహజము. చెక్క నాని ఉబ్బినకొలది సందులు మూసికొనును. ఆ రాత్రి ఎవరైన పడవలో కాపుండి, చేతిడబ్బాతో తోడుచుండవలెను. ఎక్కించునది పుస్తకములైనచో, అడుగు పొడిగా నున్నదని రెండు దినములు చూచిన పిదపనే పెట్టెలు లోనికి చేర్చవలెను.