ఇద్దరు ప్రతినాయకులు – రెండు రాజనీతులు

రాజధర్మమును బోధించు ఘట్టములు మన ఇతిహాసములలో పెక్కులు కలవు. చిత్రకూటమున భరతునకు రాముడు బోధించెను. అంపశయ్యపై నుండి ధర్మరాజునకు భీష్ముడు బోధించెను. అయితే అధికారము ఎట్లు చేతికి వచ్చునో, ఎట్లు చేజారునో తెలియవలెనన్న నాయకులకంటె ప్రతినాయకులను పరిశీలించుటయే మేలు. రావణ దుర్యోధనులు అట్టివారిలో అగ్రగణ్యులు. నందమూరి తారక రామారావు తాను దర్శకత్వము వహించిన 1961 నాటి ‘సీతారామ కళ్యాణం’లో రావణునిగను, 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో సుయోధనునిగను నటించెను. దుష్టులని తెలిసియు ఆ ఇద్దరి ఠీవిని తెలుగు ప్రేక్షకులు మెచ్చుకొనిరి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము చుట్టుపట్ల పల్లెలకు ఈ విచారణ క్రొత్తది కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్లయొద్దను, ధర్మరాజు గుళ్లయొద్దను భారతము జరిపించుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. ఇట్లు పదునెనిమిది దినములు సాగును. అక్షరము రాని రైతు సైతము, కౌరవసభలో ఎవరు నోరు విప్పిరో, ఎవరు తల వంచుకొనిరో చెప్పగలడు.

రావణుని అధికారమునకు మూలము స్వశక్తి. తపస్సు చేసి వరములు పడసెను. అన్నయగు కుబేరుని వెడలగొట్టి లంకను, పుష్పకమును గైకొనెను. నరుల వలన చావులేకుండ వరము కోరుటకైనను అతనికి మనసొప్పలేదు. వారిని అంత తృణీకరించెను. తనవారిని నడుపుటకు అతడు వాడిన సాధనము భయము. మాయలేడి కానొల్లని మారీచుని చంపుదునని బెదరించెను. సభ తీర్చి ఆలోచన అడిగినను, మెచ్చుకోలు మాటలే చెవికెక్కినవి. హితము చెప్పిన విభీషణుని, జ్ఞాతులు పగవారికంటె ప్రమాదకరులని నిందించెను. విభీషణుడు నలుగురు అనుచరులతో లంకను వీడెను. ఇంద్రజిత్తు నికుంభిలలో సాగించు హోమపు రహస్యము ఆ తమ్ముని నోటనే లక్ష్మణునికి తెలిసినది.

దుర్యోధనుని మార్గము వేరు. అతడు భయపెట్టడు, ఋణపడజేయును. కుమారుల విద్యాప్రదర్శననాడు కర్ణుని కులమడిగి అవమానింపగా, అప్పటికప్పుడు అంగరాజ్యమిచ్చి నిలువబెట్టెను. పాండవుల పక్షమునకు బయలుదేరిన మేనమామ శల్యునకు దారిపొడవున విడుదులు కట్టించి, విందులు చేయించి, తన వైపునకు త్రిప్పుకొనెను. ప్రజలను సైతము బాగుగనే ఏలెనని భారవి ‘కిరాతార్జునీయ’ ప్రథమ సర్గలో వనచరుని చేత ధర్మరాజునకు చెప్పించెను. తుదకు పాండవులకు ఏడు అక్షౌహిణులు సమకూడగా, ఇతనికి పదునొకండు సమకూడెను.

కాని ఆ సేనలో ఎవరి మనసు ఎక్కడనున్నదో చూడుడు. సేనాపతియగు భీష్ముడు పాండవులను చంపనని ముందే చెప్పెను. భీష్ముడు పడువరకు ఆయుధము పట్టనని కర్ణుడు ప్రతినబూనెను. అర్జునుని తప్ప తక్కిన నలుగురిని చంపనని కుంతికి మాట ఇచ్చెను. ఆ కర్ణునికి సారథియైన శల్యుడు తేజోవధ చేయుచునే రథము తోలెను. ఉప్పు తిన్నందున దేహములు ఇటు నిలిచినవి. మనసులు అటు మొగ్గినవి. ధర్మరాజు యుద్ధారంభమున, మావైపు రాదలచినవారు రావచ్చునని బహిరంగముగా పిలువగా, ధృతరాష్ట్రుని కొడుకగు యుయుత్సుడు ఒక్కడే కదలెను. అంత పెద్ద సేనలో కదలనివారందరును ఇష్టముతోనే ఉండిరని చెప్పగలమా?

రావణుడు కాదనువానిని వెళ్లగొట్టెను. దుర్యోధనుడు కాదనువారిని ఇంట నుంచుకొని అన్నము పెట్టెను. విదురుడు, భీష్ముడు ఎన్నిసార్లు చెప్పిరో లెక్కలేదు. ఎవరును అతనిని విడిచిపోలేదు. కాని వారి మాట వినుటలో అన్నదమ్ముల వలె ఈ ఇద్దరును ఒక్కటే. ఒకడు హితవును గడప దాటించెను. వేరొకడు హితవును గోడకు తగిలించిన పటము వలె పూజించి, పక్కకు నెట్టెను. ఫలితమునందు భేదము లేదు.

ఊరి పంచాయతి మొదలు శాసనసభ వరకు నాయకులైన వారికి ఈ రెండు దారులును నేటికిని ఆకర్షకములే. బెదరించి నోరు మూయించుట సులభము. సాయము చేసి నోరు మూయించుట అంతకంటె సులభము. పైగా అది ఔదార్యము వలె కనబడును. మేలు పొందినవాడు సైతము ‘అయ్యా, ఇది తప్పు’ అని నిర్భయముగా అనగలిగినప్పుడే అది నాయకత్వము.

చిత్తూరు సీమ భారతములో కడపటి దినమున ఊరి మైదానమున మట్టితో దుర్యోధనుని మహాకాయమును వెల్లకిల మలచెదరు. దాని చుట్టును భీమ దుర్యోధన వేషధారులు గదలతో పోరుదురు. భీముడు తొడ గొట్టిన పిదప ద్రౌపది జుట్టు ముడుచును. పల్లెవారు ఓడినవానిని చిన్నవానిగా చేయలేదు. అందరికంటె పెద్దవానిగా మలచిరి. పదునొకండు అక్షౌహిణుల ఏలిక పడిన వేళ అతని పక్షమున మిగిలినవారు కృపుడు, కృతవర్మ, అశ్వత్థామ అను ముగ్గురే. అధికారమునకు ఇంతకంటె స్పష్టమైన పాఠము వేరొకటి ఉండబోదు.