ఎవరి లెక్క వారికే తెరుచుకోవాలి

(వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొదుపు, అప్పులు, వసూళ్ళ వివరాలు ఈ నివేదికలో వేరుగా ఇచ్చాం, అవి మీరు చదువుకుంటారు. ఇప్పుడు మాత్రం ఒక్క సంగతి మాట్లాడుకుందాం. మన లెక్కలు పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి పోతున్నాయి కదా. అక్కడ వాటిని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు, ఆ కాపలా ఎవరు కాయాలి?

1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. తాకట్టుకు పొలం, బంగారం లేని ఆడవాళ్ళకు బ్యాంకు అప్పు ఇచ్చిందంటే మన మీటింగులు, మన పొదుపు, మన పుస్తకం చూసే ఇచ్చింది. ఆ పుస్తకం మన పరువు. అది ఎక్కడున్నా మన చెప్పుచేతల్లోనే ఉండాలి.

సంఘం లోపల మనకు దాపరికం లేదు. ఎవరు ఎంత కట్టారు, ఎవరి వాయిదా తప్పింది, అందరి ముందూ చదువుతాం. పదిమందీ ఒకరికొకరు పూచీ కాబట్టి పదిమందికీ తెలియాలి. కానీ ఆ మాట ఆ పదిమందిదే. ఫలానా ఆమె మూడు వాయిదాలు కట్టలేదని వడ్డీ వ్యాపారి చెవిన పడితే తెల్లారేసరికి ఆమె గుమ్మంలో ఉంటాడు. కూతురి సంబంధం మాట్లాడుతున్నప్పుడు మగపెళ్ళివారికి తెలిస్తే ఇంకో అవమానం. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు ఒకేచోట దొరికితే మోసగాళ్ళకు పండగే.

లోపల జరిగేది ఏంటో చెబుతాం. మీరు ఫోన్‌లో యాప్ తెరిచి, ఓటీపీ కొట్టి లోపలికి వెళతారు. మీరెవరో యాప్‌కు తెలుసు. కానీ లెక్కలు ఉండేది డేటాబేస్ అనే వేరే చోట. అక్కడికి యాప్ మీ పేరుతో వెళ్ళదు, తన సొంత పేరుతో వెళుతుంది. వెయ్యిమంది అడిగినా డేటాబేస్‌కు కనిపించేది ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. దీనికి కారణం ఉంది. ఒక్కొక్కరికీ కొత్తగా దారి తెరవాలంటే సమయం పడుతుంది, మెషీన్ మీద బరువు పడుతుంది. అందుకని కొన్ని దారులు ముందే తెరిచి పెట్టి, అందరి పనీ వాటి మీదే వంతులవారీగా నడుపుతారు.

సంఘాలన్నిటి పుస్తకాలూ ఒకే బీరువాలో పెట్టి, తాళంచెవి ఒక్క మనిషికి ఇచ్చామనుకోండి. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ప్రతిసారీ ఆ మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఇదీ అంతే. యాప్‌లో యాభై తెరలుంటే యాభై చోట్లా "ఈమె సంఘం లెక్కలే చూపించు" అని షరతు రాయాలి. రేపు కొత్త రిపోర్టు చేర్చేటప్పుడు ఒక్కచోట మరిచిపోతే మండలం మొత్తం పేర్లు బయటపడతాయి. ఇక ఆ ఉమ్మడి పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు యాప్‌తో పనిలేకుండా నేరుగా డేటాబేస్ తెరిస్తే అడ్డే లేదు. తర్వాత ఎవరు చూశారని చిట్టా తిరగేసినా అందులో ఉండేది యాప్ పేరే.

దీనికి మందు ఉంది. బీరువాకే మనిషిని గుర్తుపట్టడం నేర్పాలి. ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది, యాప్ ప్రతిసారీ "ఇప్పుడు ఫలానా సభ్యురాలి తరఫున వచ్చాను" అని డేటాబేస్‌కు చెప్పాలి. రెండోది, "ఆమె సంఘానికి చెందిన వరుసలే ఇవ్వు" అన్న నియమం తెర తెరకూ కాకుండా లెక్కల పట్టిక మీదే ఒక్కసారి రాసిపెట్టాలి. దీన్ని రో లెవల్ సెక్యూరిటీ అంటారు, వరుస వరుసకూ కాపలా అన్నమాట. అప్పుడు తెర రాసినవాళ్ళు షరతు మరిచిపోయినా డేటాబేస్ మరిచిపోదు. ఇదేమీ కొత్త వింత కాదు. ఒరాకిల్‌లో ఇలాంటి ఏర్పాటు 1999 నుంచీ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016లో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌కు లైసెన్సు ఖర్చు కూడా లేదు. కాబట్టి "అది కుదరదమ్మా" అని ఎవరన్నా అంటే ఎందుకు కుదరదో అడగండి.

జాగ్రత్తలూ ఉన్నాయి. దారులు వంతులవి కాబట్టి, ఒకరి పని అయిపోగానే ఆమె పేరు చెరిగిపోవాలి. లేకపోతే వెనక వచ్చినామెకు ముందామె లెక్కలు కనిపిస్తాయి. ఎవరి పేరూ చెప్పకుండా వస్తే ఒక్క వరుస కూడా రాకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక యజమానికి ఈ కాపలా మామూలుగా వర్తించదు. అందుకని యాప్ వాడే ఖాతా పట్టికకు యజమాని కాకూడదు, అన్ని అధికారాలూ ఉన్న పెద్ద ఖాతా అసలే కాకూడదు.

ఇంత చేసినా డేటాబేస్ నమ్మేది యాప్ చెప్పిన పేరునే. యాప్‌నే ఎవరైనా చేజిక్కించుకుంటే తప్పుడు పేరు చెప్పగలరు. అందుకే ఆ ఉమ్మడి పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసో రాసి ఉండాలి, ఒక్కరు పని మానేసినా ఆ రోజే మార్చాలి. మన వైపు పని కూడా ఉంది. ఒకే లాగిన్‌తో నలుగురు పనిచేసినా, మన ఓటీపీ ఇంకొకరికి చెప్పినా ఈ కాపలా అంతా వృథా. అవతలివాళ్ళను అడిగే ముందు మన ఆఫీసులో ఎవరి లాగిన్ వాళ్ళదే కావాలి.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. వివరాలు దగ్గర పెట్టుకున్నవాళ్ళు వాటికి తగిన భద్రత కల్పించాలని ఆ చట్టం చెబుతుంది. అంటే మనం అడుగుతున్నది దయాధర్మం కాదు, హక్కు.

అందుకని సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్ళతో ఒప్పందానికి ఈ షరతులను తీర్మానంగా మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, సభ్యురాలికి తన పాస్‌బుక్కూ తన సంఘం లెక్కలూ, గ్రామ సంఘానికి తన సంఘాల లెక్కలూ కనిపించాలి. మండల ఆఫీసుకు మొత్తాలు చాలు, పేర్లు కావాలంటే కారణం రాసి చూడాలి. రెండు, ఈ నియమం డేటాబేస్‌లోనే ఉండాలి. మూడు, ఆధార్, ఖాతా నంబర్లలో చివరి నాలుగు అంకెలే కనిపించాలి. నాలుగు, ఆడిటర్‌కు ఆడిట్ రోజుల వరకే చూసే అధికారం ఉండాలి, మార్చే అధికారం ఉండకూడదు. అయిదు, చిట్టాలో యాప్ పేరుతో పాటు చూసిన మనిషి పేరు, తేదీ, సమయం పడాలి. ఆ చిట్టాను మూడు నెలలకోసారి మన కమిటీ చూడాలి.

ఆరోది పరీక్ష. డబ్బు చెల్లించే ముందు రెండు ఊళ్ళ లాగిన్లు తీసుకుని, ఒక ఊరి లాగిన్‌తో రెండో ఊరి లెక్క అడుగుతాం. తెర మీద, రిపోర్టులో, ఎక్సెల్ డౌన్‌లోడ్‌లో, చివరికి నేరుగా డేటాబేస్‌లో కూడా. నాలుగు చోట్లా ఖాళీయే రావాలి.

ఈ తీర్మానాన్ని మీ గ్రామ సంఘం వచ్చే సమావేశంలో చదివి, మార్పులుంటే రాసి పంపండి. పరీక్ష రోజున ప్రతి గ్రామ సంఘం నుంచి ఒక సభ్యురాలు రావాలి. కంప్యూటర్ తెలియనక్కర్లేదు. తెర మీద తన ఊరిది కాని పేరు కనిపిస్తే "ఆగండి, ఈమె మా ఊరామె కాదు" అని చెప్పగలిగితే చాలు.