హృదయ రక్షణము – థైమస్ ఔషధములు
(వార్షిక మహాసభయందు జేసిన ప్రసంగ పాఠము)

 

బందరు, గుడివాడ, దివిసీమలనుండి విచ్చేసిన బంధుజనమునకు మా నమస్కారములు. విద్యార్థి వేతనములను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. మేము హృద్రోగమును గూర్చి నాలుగు మాటలు విన్నవింతుము.

హృదయశబ్దమునందలి మూడు భాగములకు గొనివచ్చుట, ఇచ్చుట, పోవుట యని బృహదారణ్యకోపనిషత్తు అర్థము చెప్పుచున్నది. రక్తమును గొనివచ్చి, దేహమునకిచ్చి, నిరంతరము చలించు నా యంత్రము నిలిచినచో కుటుంబమే నిలిచిపోవును. ఇది పట్టణవాసుల వ్యాధి యనుకొనరాదు. 2003-04లో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు మరణకారణములు విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవని తేలినది. ఆ సీమకును మన సీమకును అన్నపానములయందు భేదమెంత?

థైమస్ పెప్టైడులను మందులు కొలెస్టరాలును సరిచేసి గుండెను బాగుచేయునని యిప్పుడు కొందరు ప్రచారము చేయుచున్నారు. థైమస్ అనునది రొమ్ముటెముక వెనుక నుండు గ్రంథి. బాల్యమున బెద్దదై, యౌవనానంతరము క్రమముగా క్షీణించును. రోగనిరోధశక్తికి అది యావశ్యకమని 1961లో జాక్స్ మిల్లర్ పండితుడు నిరూపించెను. 2004లో థైమోసిన్ బీటా-4 అను పెప్టైడు దెబ్బతిన్న యెలుకల గుండెలకు మేలొనర్చినట్లు ప్రకటింపబడినది. అది గొప్ప విషయమే. కాని యెలుకకు బనిచేసినదెల్ల మనుష్యునకు బనిచేయదు. ఈ మందులు హృద్రోగుల యాయువును బెంచునని మనుష్యులయందు జరిగిన పెద్ద పరీక్షలవలన రుజువు కాలేదు. మ్రింగిన పెప్టైడులు చాలవరకు అన్నమువలెనే కడుపున నరిగిపోవును.

స్టాటిను మాత్రల చరిత్ర వేరు. జపానుదేశీయుడగు అకిరా ఎండో 1970వ దశకమున బూజునుండి వాని మూలద్రవ్యమును వెలికిదీసెను. కాలేయమున కొలెస్టరాలు తయారగుటను అవి తగ్గించును. 1994లో వెలువడిన స్కాండినేవియా పరీక్షలో 4,444 మంది హృద్రోగులను కొన్నేండ్లు పరిశీలింపగా, మాత్ర పుచ్చుకొన్నవారిలో మరణములు నూటికి 30 వంతులు తగ్గినవి.

స్టెంటు వేయించుకొనియు, సూదిమందును నమ్మి మాత్రలు మానినవారు ఈ పందిటిలోనే కలరని వింటిమి. వారిని నొప్పించుటకు గాదు, నిలుపుకొనుటకే యీ మాట. వైద్యుని యడుగక మాత్ర మానకుడు. చుట్ట విడువుడు. ఊరగాయలు, ఎండుచేపలు మితముగా భుజింపుడు. రొమ్మున నొప్పి తోచినచో నాగాయలంక, కోడూరు మొదలగు తీరగ్రామములవారు తెల్లవారువఱకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి బయలుదేరవలెను.

వచ్చు సభనాటికి ప్రతిశాఖయందును రక్తపుపోటు చూచు పరికరము నొకదానిని సంఘనిధినుండి కొనవలెనని ప్రతిపాదించుచున్నాము. పెద్దలామోదింతురు గాక.