రాత్రి ఆకాశం ఆడవాళ్లది కాదా?



దేవరాపల్లి పొలాల్లోంచి గుడి గోపురం వెనక లేచే పున్నమి చంద్రుణ్ణి ఫోటో తీయాలంటే ముందు లెక్క కట్టాలి. వేసవిలో చంద్రుడు తూర్పుకు కాస్త దక్షిణంగా, చలికాలంలో ఉత్తరంగా ఉదయిస్తాడు. కిలోమీటరు దూరం నుంచి 9 మీటర్ల గోపురం చంద్రబింబమంతే కనిపిస్తుంది. అంటే ఆ వేళకు అంత దూరం మనమే నడవాలి. లెక్క నాకు సులువుగానే వచ్చింది. చీకట్లో గట్టు మీద నిలబడడమే కష్టమైంది. "ఆడదానికి ఈ వేళప్పుడు ఇక్కడేం పని?" అన్నారు. మగవాళ్లను ఎవరూ అలా అడగరు.

2025 సెప్టెంబరు 7 రాత్రి సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలోకి వచ్చి 82 నిమిషాల సంపూర్ణ గ్రహణం పట్టింది. ఇలాంటి రాత్రుల్లో గర్భిణులను గదిలో కదలనివ్వరు. బిడ్డ పెదవి చీలి పుడితే "గ్రహణం మొర్రి" అని తల్లినే తప్పుపడతారు. ఆ పెదవి అతుక్కోవలసింది గర్భం తొలి వారాల్లో. అతుక్కోకపోవడానికి వంశపారంపర్యం, పొగాకు వంటివి కారణాలు. భూమి నీడకు దానితో సంబంధం లేదు.

2028 డిసెంబరు 31 రాత్రి మనకు మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. ఆ రాత్రి గర్భిణులతో సహా అందరం బయటికొచ్చి చూద్దాం.