మేరీ, మరియ, మేరమ్మ
(సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)

ఏదైనా ఒక ఆడపేరు గురించి మాట్లాడమని ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసినవారు అడిగారు. స్కందగిరి గుడి పక్కనే ఉంది కాబట్టి వల్లి గురించో దేవసేన గురించో చెబుతానని కొందరు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది మేరీ. ఇక్కడే వాకర్ టౌన్, అటు బన్సీలాల్‌పేట, ఇంకాస్త పోతే 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చి. ఈ చుట్టుపక్కల అది పరాయి పేరు కాదు.

అర్థం సంగతి ముందు తేల్చేద్దామంటే అది తేలేది కాదు. హీబ్రూలో మిర్యామ్, మోషే అక్క పేరు. చేదు అన్నారు, తిరుగుబాటు అన్నారు, ఈజిప్టు భాషలో ప్రియమైనది అన్నారు. పునీత జెరోమ్ లాటిన్‌లో 'స్టిల్లా మారిస్', అంటే సముద్రపు నీటిచుక్క, అని చెబితే, నకలు రాసేవాళ్ల చేతిలో అది 'స్టెల్లా మారిస్', సముద్ర నక్షత్రం, అయిందని పండితుల మాట. మనకైతే ఆ తంటా లేదు. నీటిబొట్టూ చుక్కే, నక్షత్రమూ చుక్కే! మద్రాసులో ఒక కాలేజీకి ఆ పేరుంది, మన స్టెల్లా మేరీలకూ ఉంది.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఈ పేరును విపరీతంగా వాడారు. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో 1880 నుంచి 1946 దాకా ఏటా ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం మేరీదే. 1947లో లిండా వచ్చి తోసేసింది. 1953లో మళ్లీ పైకొచ్చి 1961 దాకా నిలిచింది. ఒకే వీధిలో ఇంతమంది మేరీలుంటే పిలవడమెలా? మోలీ, పాలీ, మే, మేమీ అని ముద్దుపేర్లు పుట్టాయి. మన ఊళ్లలో పెద్దమేరీ, చిన్నమేరీ అన్నట్టే.

తెలుగులోకి ఈ పేరు ఒక్క దారిన రాలేదు. తెలుగు బైబిల్లో మరియ. ఇంగ్లీషు కాన్వెంటు రిజిస్టర్లో మేరీ. ముస్లిం ఇళ్లలో మర్యం. ఖురాన్‌లో పేరు చెప్పి ప్రస్తావించిన స్త్రీ యేసు తల్లి మర్యం ఒక్కరే, 19వ సూరా ఆమె పేరిటే ఉంది. పల్లెలో అమ్మ చేరి మరియమ్మ, మేరమ్మ. గ్రామదేవత మారెమ్మ వేరు. ధ్వని దగ్గరగా ఉంది కదా అని రెంటినీ ఒకటి చేసేసే వ్యాసాలు చదివాను, నాకు నచ్చలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మేరీ అనకుండానే మేరీ పేరు పెట్టడం. ఐర్లండులో మేరీమాత పేరును అలాగే పిల్లలకు పెట్టడానికి జంకి, ఆమెకు 'ముయిరే', మనుషులకు 'మాయిరే' అని విడదీశారు. స్పెయిన్‌లో మాత బిరుదులే పేర్లయ్యాయి: డొలోరెస్, మెర్సిడెస్, కార్మెన్. మన కతోలికులూ అదే పని చేశారు. వేళాంగణ్ణి ఆరోగ్యమాత వల్ల ఆరోగ్యమ్మ, లూర్దుమాత వల్ల లూర్దమ్మ, లూర్దుమేరీ. విజయవాడ గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి మాత విగ్రహం పెట్టించారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా అక్కడ ఉత్సవాలు. ఆ జనంలో నిలబడి "ఆరోగ్యం!" అని కేకేస్తే ఎవరో ఒకామె తల తిప్పుతుంది. శౌరమ్మ, జోజమ్మ కూడా ఈ కుదురువే, కాకపోతే అవి జేవియర్, జోసెఫ్‌ల నుంచి వచ్చినవి. గుంటూరు వైపు ఇవి ఎంత సొంతమైపోయాయంటే, బయటివారు వాటి వెనక ఐరోపా పునీతులున్నారని చెబితే గాని పోల్చుకోలేరు.

ఇక కష్టమైన మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వారిని బీసీ-సీలో ఉంచారు, ఒక్క శాతం కోటాతో. అందుకే, పేరును బట్టి మతం బయటపడకుండా, జ్ఞానస్నానం పుస్తకంలో మేరీ అని రాసిన పిల్లే బడి హాజరుపట్టీలో ఇంకో పేరుతో ఉంటుంది. తల్లి రెండు పేర్లూ పిలుస్తుంది, సర్టిఫికెట్టుకు ఒకటే పనికొస్తుంది. దీన్ని మోసం అనే తీర్పరులను చూశాను. పేరుకు ఇంత ఖరీదు కట్టిన ఉత్తర్వును మాత్రం వాళ్లు ఒక్క ప్రశ్నా అడగరు.

కాబట్టి తెలుగు పేర్ల నిఘంటువు చేయదలచినవారు ఓటర్ల జాబితాతో ఆగకండి. పాత విచారణల (పారిష్‌ల) జ్ఞానస్నాన పుస్తకాలు చూడనివ్వమని ఫాదర్లను అడగండి. చెదలు పట్టకముందే అడగండి.